రేడియేటర్లో పసుపు

మొన్న కళ్ల పరీక్షకని మా ఆడపడుచు కూతురు నన్ను తన కొత్త బ్యాటరీ కారులో ఎక్కించుకుని వెళుతూ, మహదేవపుర దగ్గర రింగ్ రోడ్డు మీద ఇరుక్కుపోయింది. బెంగళూరులో బతికేవాళ్లకు ఇది చెప్పుకోదగ్గ విషయమేమీ కాదు. ముందు బస్సు, వెనక ట్యాంకరు, పక్కన మెట్రో వాళ్ల రేకుల గోడ. ఇంజను చప్పుడైనా లేని ఆ బండిలో, బిగించిన అద్దాల మధ్య, ఆ పిల్ల చెవిలో ఏదో పెట్టుకుని ఆఫీసు మీటింగు వింటూ ఉంటే, నాకు కిటికీలోంచి చూడడం తప్ప వేరే పని లేకపోయింది. పక్క వరసలో ఓ పాత కారు ఆగిపోయి ఉంది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి వస్తోంది. దాని తాలూకు మనిషి, తల నెరిసిన ఆయన, నీళ్ల సీసా పట్టుకుని, ఇప్పుడే మూత విప్పితే చెయ్యి కాలుతుందని తెలిసినవాడు కాబట్టి, కాస్త దూరంగా నిలబడి ఎదురుచూస్తున్నాడు. వెనకవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. అద్దం దించి, ఏమండీ, లోపల ముందు సీటు కాళ్ల దగ్గర తడిగా ఉందేమో ఓసారి చెయ్యి పెట్టి చూడండి అని ఆయనకు చెబుదామనిపించింది. ఆ కొత్త బండిలో అద్దం దించే మీట ఏదో నాకు తెలియదు, అడుగుదామంటే పిల్ల మీటింగులో ఉంది. ఈలోగా మా వరస కదిలింది, ఆయన వెనక్కి పోయాడు.

నా ఈడువాళ్లకైతే విడమరచి చెప్పనక్కర్లేదు గానీ, ఒకప్పుడు కార్లకు దాహం వేసేది. పొద్దున్నే బానెట్టెత్తి, రేడియేటరు మూత తీసి, వేలు పెట్టి నీటి మట్టం చూసి, తగ్గితే చెంబుతో పోసి, ఆ తర్వాతే తాళం తిప్పేవాళ్లం. కూలెంటు అనే రంగు నీళ్లు అప్పటికే దుకాణాల్లో దొరికేవి, కానీ నీళ్ల కోసం దుకాణానికి పోయే మనిషిని చూస్తే మా మామగారికి నవ్వొచ్చేది. ఇంటి బోరు నీళ్లే పోసేవారు. ఆ బోరు నీళ్లు కాచిన గిన్నెల్లో అడుగున తెల్లటి పొర కట్టేదని మా అత్తగారు వాటిని కూరకు కూడా వాడేవారు కాదు, అయినా కారు కడుపులోకి పోయేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఆ కారును మామగారు ఎవరో ఆఫీసరు దగ్గర కొన్నారు. ఆ ఆఫీసరు ఊటీలో పనిచేసి వచ్చినవాడు కాబట్టి బండిలో హీటరు ఉండేది. హీటరున్న కారు బెంగళూరు అంచున ఉన్న మా వర్తూరులో ఇంకెవరికీ లేదని మామగారి నమ్మకం, వచ్చిన చుట్టాలందరినీ ఎండాకాలంలో కూడా ముందు సీట్లో కూర్చోబెట్టి దాన్ని తిప్పి చూపించేవారు. హీటరంటే మరేం లేదు, డ్యాష్‌బోర్డు వెనకాల, డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్ల కాళ్లకు ఎదురుగా దాగి ఉండే చిన్న రేడియేటరు. మీట జరిపితే ఇంజనులో కాగిన నీళ్లు దానిలోకి వస్తాయి, ఫ్యాను తిప్పితే వేడి గాలి మన మీదికి వస్తుంది. ఒంగోలు వైపు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాకు కారు నడపడం నేర్పింది మామగారే, ఎందుకంటే మా వారికి స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చెమటలు పట్టేవి. క్లచ్చూ గేర్లూ నేర్పిన రోజుల్లోనే ఆయన ఇంకో ఉపాయం కూడా నేర్పారు. ట్రాఫిక్‌లో నిలిచిపోయినప్పుడు వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు పోతూ ఉంటే, కంగారు పడకుండా హీటరు మీట పూర్తిగా జరిపెయ్యాలి. ఇంజను వేడిలో కొంత మనం పంచుకుంటాం, మనం ఉడుకుతాం, బండి బతుకుతుంది. ఆయన ఆ మాట ఎంత నమ్మకంగా చెప్పారంటే, తర్వాత పడిన తిప్పలన్నింటికీ ఆ ఉపాయమే కారణం కావచ్చునన్న ఆలోచన నాకు ఎన్నాళ్లకు గానీ రాలేదు.

ఆయన ఉన్నట్టుండి పోయారు. పదో రోజున అత్తగారికి చేసిన కార్యక్రమం గురించి ఇక్కడ రాయను, చూసినవాళ్లకు తెలుసు, చూడనివాళ్లు అదృష్టవంతులు. ఆ తర్వాత ఆవిడ వెనక గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నారు, అంతే, దాదాపు ఏడాది పాటు ఆ గదే ఆవిడకు లోకమైంది. ఎవరూ ఆవిణ్ణి అక్కడ కూర్చోమని చెప్పలేదు. ఎదురొస్తే బాగుండదని, పక్కింటి పెళ్లివారి కంట పడితే బాగుండదని, ఆవిడే లెక్కలు వేసుకుని ముందు గదిలోకి రావడం మానేశారు. కిటికీ తీద్దామంటే ఊరి మురుగంతా చేరే చెరువు వాసన. గాలి బలంగా వీచిన రోజున దాని మీది నురుగు రోడ్డెక్కి మా గేటు దాకా వచ్చేది. మా వారు మద్రాసులో ఉద్యోగం, సెలవు దొరికిన వారం వచ్చేవారు. నేను పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి, సర్క్యూటు బోర్డుల్లో లోపం ఎక్కడుందో వెతికే పని రోజంతా చేసి, సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ మూసిన గదిలో దీపం వెయ్యకుండా కూర్చున్న ఆవిణ్ణి చూసి, చెప్పొద్దూ, ఒక్కోసారి గేటు బయటే కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్లేదాన్ని. ఆవిడకు గడప దాటడానికి లేదు, ఆవిణ్ణి వదిలి నేనెక్కడికీ పోవడానికి లేదు. ఆ ఇంట్లో ఉన్న మా ఇద్దరిలో ఎవరికి ఎవరం కాపలా కాస్తున్నామో నాకు తెలిసేది కాదు.

అప్పుడు మా ఆడపడుచుకు సీమంతం వచ్చింది. మొన్న నన్ను కారులో తీసుకెళ్లిన పిల్లే అప్పుడు దాని కడుపులో ఉంది. యలహంకలో అత్తవారింట్లో చేస్తున్నారు, ఆడపడుచు ఫోను చేసి అమ్మ రాకపోతే గాజులు తొడిగించుకోనని ఏడ్చింది. అత్తగారు రానన్నారు. సీమంతానికి తాను వెళ్లడమేమిటి, అక్కడ ఎవరి మొహం ఎలా పెట్టుకుంటారో తనకు తెలియదా అన్నారు. నేను ఎన్ని చెప్పినా గోడవైపు తిరిగి కూర్చున్నారు. చివరికి ఒక రోజు అన్నం తింటూ, బస్సులోనూ ఆటోలోనూ అయితే తాను రానని, మీ మామ కారులో అయితే వస్తానని, అందులో కూర్చుంటే తన ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుందని అన్నారు. చలిమిడి మాత్రం తానే చేస్తానని, పెట్టేది నన్ను పెట్టమని కూడా అన్నారు. నాకప్పుడు బాగా తెలిసిన సంగతి ఒకటే. ఈ ఒక్క ప్రయాణానికి ఆవిడ బయలుదేరితే మళ్లీ మనుషుల్లో పడతారు, దారి మధ్యలోంచి వెనక్కి తిరిగి వచ్చామా, ఇక జన్మలో ఆ గది విడిచి రారు.

తీరా చూస్తే కారు నీళ్లు తాగేస్తోంది. పోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలియదు. ఆదివారాలు ట్రాఫిక్‌లో ఆగుతూ కాస్త దూరం తిప్పుకొస్తే రేడియేటరు సగానికి పడిపోయేది, కారు కింద అట్ట పరిచి చూస్తే మాత్రం ఒక్క చుక్క కనిపించేది కాదు. మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు ఆ ఊరి పాత తెలుగువాడు, నోరు బాగా ఆడేది. మొదట పైపు కారుతోందని పైపు మార్చాడు. తర్వాత మూతలో రబ్బరు అరిగిందని మూత మార్చాడు. ఆ తర్వాత నీళ్ల పంపు మీద అనుమానపడి దాన్ని విప్పి చూసి, బాగానే ఉందని మళ్లీ బిగించాడు. ఇంజను అరగంట సేపు షెడ్డులో నడిపించి చుక్క పడకపోవడం నాకు చూపించి, ఎండాకాలం అప్పా, నీళ్లు ఆవిరైపోతా ఉండాయి, మీరు సుమ్నే ఊరికే బయపడ్తా ఉండారు అని తేల్చేశాడు. మూత బిగించి ఉన్న గిన్నెలోంచి ఆవిరి ఎలా పోతుందని నేనడిగితే, అది వేరే ఇది వేరే అన్నాడు. షెడ్డులో నిలబెట్టి నడిపితే కారని నీళ్లు రోడ్డు మీద ఎందుకు పోతున్నాయో అతనికీ తెలియదు, లోపాలు వెతకడమే ఉద్యోగమైన నాకూ తెలియదు.

సీమంతం ముందు రోజు సాయంత్రం నేను బానెట్టెత్తి దిగాలుగా నిలబడి ఉంటే, వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఎన్నో నెలల తర్వాత ఆవిడ ముందు వసారాలోకి వచ్చారు. చేతిలో వంటింటి పసుపు డబ్బా ఉంది.

"మీ మామ మొగిలి ఘాటు రోడ్డులో ఇట్లనే యేస్తా ఉండె. లారీవాళ్లు నేర్పించినారంట. పసుపు యేస్తే యాడ చిల్లుంటే ఆడ పట్టుకుంటాది పాపా."

ఆ వైద్యం నేనూ విన్నదే. సన్నటి చిల్లయితే పసుపు పిండి నీళ్లతో పాటు తిరిగి తిరిగి ఆ చిల్లు దగ్గర గడ్డకట్టి మూసేస్తుందని అప్పట్లో డ్రైవర్లందరూ చెప్పేవాళ్లు. ఎంత వెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. అత్తగారు గుప్పెడు తీసి నావైపు చూశారు, నేను తలూపాను, ఇంకో గుప్పెడు తీశారు. కూరలో వేసేటప్పుడు చిటికెడు మించని ఆవిడ, మామగారి బండికనేసరికి డబ్బా అడుగు దాకా వెళ్లారు. ఆవిడ వేళ్లు పచ్చగా అయ్యాయి. వెంటనే లోపలికి వెళ్లి, సబ్బు పెట్టి, గోళ్ల సందుల్లో కూడా లేకుండా రుద్ది రుద్ది కడుక్కోవడం నాకు తలుపులోంచి కనిపించింది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. అత్తగారు తెల్లచీర కట్టుకుని, చెప్పులు బయట విడిచి వెనక సీట్లో పెట్టి, వట్టి కాళ్లతో ముందు సీట్లో కూర్చున్నారు. ఆ కారులోకి ఆవిడ ఎప్పుడూ చెప్పులతో ఎక్కలేదు. ఒళ్లో చలిమిడి గిన్నె. పొట్టి మనిషి కాబట్టి సీటు బాగా ముందుకు జరుపుకుంటే, కాళ్లు డ్యాష్‌బోర్డు కిందికి వెళ్లాయి. మారతహళ్లి దాకా బాగానే వెళ్లాం, ఆవిడ కిటికీలోంచి చూస్తూ, ఈడ తోట ఉండె కదా, యాడపాయె అని ఒకటి రెండు సార్లు అడిగారు కూడా. నాకు సంతోషమేసింది. మహదేవపుర దాటుతుండగా బండ్లు నిలిచిపోయాయి.

ఆ నిలిచిపోవడం గురించి ఎంత రాసినా తక్కువే. ముందు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ముల్లు లేచింది. నేను మామగారి మాట తలచుకుని హీటరు మీట పూర్తిగా జరిపాను. వేసవి ఎండ నెత్తి మీద, హీటరు సెగ కాళ్ల మీద, పక్క లారీ పొగ లోపలికి రాకుండా అద్దాలు మూసుకుని, మేమిద్దరం ఆ డబ్బాలో ఉడికిపోయాం. ముల్లు కాస్త దిగుతుంది, మళ్లీ లేస్తుంది, లేచినంత దిగకుండానే లేస్తుంది. పక్కకు తీద్దామంటే అంగుళం చోటు లేదు. ముందద్దానికి లోపలి వైపు ఏదో మసక పొర కమ్ముతోంది, అత్తగారు ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఇంకో చేత్తో చెంగు పట్టి నాకోసం దాన్ని తుడుస్తూనే ఉన్నారు. కారు నిండా ఒక వాసన, నలుగు పెట్టేటప్పుడు ఇంట్లో ఉండే వాసన. పసుపు పనిచేస్తోంది కాబోలని నేను అనుకున్నాను. అంత సేపట్లో ఆవిడ ఒక్కసారి కూడా ఉక్కపోస్తోందని గానీ, వెనక్కి పోదామని గానీ అనలేదు. ఏడాదిగా ఏమీ అనకపోవడం అలవాటైన మనిషి. నాకు మాత్రం స్టీరింగు వదిలేసి, తలుపు తీసుకుని, ఆ బండ్ల మధ్యలోంచి ఎటైనా పరిగెత్తాలనిపించింది. పరిగెత్తితే ఆవిడ ఒళ్లో గిన్నెతో అక్కడే ఉండిపోతారు, అందుకని కూర్చున్నాను.

ఎలాగో కృష్ణరాజపురం వంతెన దాటి, పెట్రోలు బంకు దగ్గర ఆపి నీళ్లు పోసుకుని, మళ్లీ ఆగి పోసుకుని, యలహంకలో ఆ ఇంటి ముందు ఆపేసరికి పొద్దెక్కింది. గుమ్మంలో పట్టుచీరల ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నేను దిగి అటువైపు వెళ్లి తలుపు తీశాను. అత్తగారు గిన్నె నాకు అందించి, ఒక కాలు కింద పెట్టారు. తెల్లటి సిమెంటు గట్టు మీద పచ్చటి పాదం పడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామగారు ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం అత్తగారు తలంటుకుని కాళ్లకు పసుపు రాసుకునేవారు. స్నానాల గది నుంచి దేవుడి గది దాకా ఇల్లంతా పచ్చటి అడుగులు పడేవి. పదో రోజు తర్వాత అవి ఆగిపోయాయి. భర్త పోయిన ఆడది కాళ్లకు పసుపు రాసుకోదు, ఆ రోజుల్లో మా ఇళ్లల్లో దీని మీద రెండో మాట లేదు. అలాంటిది, సీమంతం జరిగే ఇంటి గుమ్మం ముందు, పదిమంది ముత్తయిదువులు చూస్తుండగా, ఆవిడ కాళ్లు చీలమండల దాకా పెళ్లికూతురి కాళ్లలా పచ్చగా ఉన్నాయి.

ఆవిడ కిందికి చూసుకున్నారు. కాలు వెనక్కి తీసుకుని కారులోకి లాక్కుని, తలుపు వేసుకున్నారు. నేను సీసాలో మిగిలిన నీళ్లు తీసుకుని, తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని ఆ కాళ్లు కడగబోయాను. పట్టిన పసుపు ఊరికే పోతుందా, సబ్బు లేదు, నీళ్లు సరిపోవు. అప్పుడు నా చెయ్యి కింది చాప మీద పడింది. నొక్కితే పచ్చటి నీళ్లు ఉబికి వచ్చాయి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. తలెత్తి చూస్తే హీటరు కింద నుంచి పచ్చటి చార దిగుతోంది, దాని కొసన బొట్టు వేలాడుతోంది. ఒక్క క్షణం నాకు సీమంతమూ అత్తగారూ అందరూ మరుపున పడి ఒళ్లంతా సంతోషమయింది. హీటరు తిప్పితేనే నీళ్లు దానిలోకి వస్తాయి, వచ్చిన నీళ్లు లోపలే కారిపోతాయి, చాప కింద దూదిపట్టు తాగేస్తుంది, అందుకే షెడ్డులో చుక్క పడలేదు, అందుకే ట్రాఫిక్‌లో మాత్రమే నీళ్లు పోతున్నాయి. బండిని బతికించడానికి నేను జరిపిన మీటే దాని నీళ్లు పారబోస్తోంది. దొరికిందత్తయ్యా అనబోయి ఆవిడ మొహం చూశాను.

అంత సేపూ కాళ్లు తడుస్తుంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు బండి నడపతా ఉండావు గదా, మల్ల చెప్తామని అనుకుంటి అన్నారు. తర్వాత, నేను ఈడనే ఉంటా, మీరు పోయి కానిచ్చుకోండి, తలుపు యెయ్యి పాపా అన్నారు. ఆ మూసిన కారులో, ఆ ఎండలో, పాదాలు సీటు కిందికి ముడుచుకుని, చెంగు కప్పుకుని కూర్చున్నారు. ఎంత బతిమాలినా కదలలేదు. ఇల్లు విడిచి ఇంత దూరం తీసుకొచ్చి నేను ఆవిణ్ణి ఇంకా చిన్న గదిలో కూర్చోబెట్టినట్టయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, దాచుకునేందుకేముంది.

ఎవరు చెప్పారో, లోపల్నుంచి మా ఆడపడుచు వచ్చింది. పట్టుచీర, తల నిండా పూలు, నిండు నెలల కడుపు పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, కారు తలుపు తానే తీసింది. వాళ్లమ్మ కాళ్లు చూసింది. చాప చూసింది. నేను రెండు మాటల్లో చెప్పాను. అది నవ్వుతుందో ఏడుస్తుందో తెలియని మొహంతో తలుపు పట్టుకుని నిలబడింది.

"అమా, దిగు. నాయన బండి పూసింది. నువ్వేమన్నా పూసుకున్నావా?"

అత్తగారు పాదాల మీదికి చెంగు ఇంకాస్త లాక్కున్నారు. పిల్ల ఎండలో నిలబడి ఉంది, తలుపు వదలలేదు, లోపల్నుంచి ముహూర్తం దాటిపోతోందని పిలుస్తున్నారు, అదేం పట్టించుకోలేదు. చివరికి అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని దిగారు. గట్టు మీద, మెట్ల మీద, గుమ్మంలో, హాలులో, ఒకదాని వెనక ఒకటి పచ్చటి అడుగులు పడ్డాయి. ఏడాది తర్వాత నేను వాటిని మళ్లీ చూశాను, వేరేవాళ్ల ఇంట్లో.

హాలులో అందరి చూపూ ఆ కాళ్ల మీద పడింది. ఒక పెద్దావిడ ఇదేమిటని అడిగేసింది. నేను చలిమిడి గిన్నె పట్టుకుని, ఆ పట్టుచీరల మధ్య నిలబడి, రేడియేటరంటే ఏమిటి, హీటరంటే ఏమిటి, చిల్లు ఎక్కడ, పసుపు ఎందుకు అని మొదట్నుంచీ పాఠం చెప్పాను. జీవితంలో నేను అంత శ్రద్ధగా వినే మనుషులకు ఇంకెప్పుడూ ఏదీ చెప్పలేదు. ఆ పెద్దావిడ అంతా విని, మా లారీకి గూడా యేస్తా ఉంటిమి అని తలూపింది. దాంతో అందరూ తలూపారు. మనిషి రాసుకుంటే తప్పుగానీ బండి రాస్తే తప్పు అని పెద్దలెవరూ చెప్పి పోలేదు, అందుకని ఎవరికీ అనడానికేమీ దొరకలేదు. అత్తగారు గోడ వారగా కుర్చీలో కూర్చుని మొదట కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నారు గానీ, గాజులు తొడిగే వేళకు మరిచిపోయి ముందుకే పెట్టుకున్నారు. చలిమిడి అనుకున్న ప్రకారం నేనే ఒడిలో పెట్టాను. ఆడపడుచు అందులోంచి ఒక ముద్ద తీసి వాళ్లమ్మ చేతికిచ్చి, నోరు తెరిచింది. ఆవిడ అటూ ఇటూ చూసి, ఎవరూ ఏమీ అనకపోవడంతో, పెట్టారు.

వచ్చేటప్పుడు హీటరు ముట్టుకోలేదు. అక్కడక్కడ చెట్టు నీడన ఆపి ఇంజను చల్లారనిచ్చి నడిపితే నీళ్లు పెద్దగా తగ్గనే లేదు. ఆ వారంలోనే మెకానిక్కును ఇంటికే పిలిచాను. నేను చెప్పింది మొదట ఒప్పుకోలేదు, హీటరు కారేది యాడా చూడలేదమ్మా అని వాదించాడు, చాప ఎత్తి దూదిపట్టు పిండేసరికి సంచిలోంచి స్పానరు తీశాడు. హీటరుకు పోయే రెండు గొట్టాలనూ ఇంజను దగ్గరే ఒకదానికొకటి కలిపేసి, క్లిప్పులు బిగించి, బెంగళూర్లో హీటరెందుకప్పా, ఇదేమన్నా ఊటీనా అన్నాడు. అసలు బండి అంతగా ఎందుకు కాగుతోందో చూద్దామని రేడియేటరు కూడా విప్పి, గేటు ముందు పైపు పెట్టి కడిగాడు. అప్పుడు తెలిసింది. బోరు నీళ్ల తెల్లటి ఉప్పు, దాని మీద పాత పసుపు, మళ్లీ ఉప్పు, మళ్లీ పసుపు, పెచ్చులు పెచ్చులుగా రాలింది. మామగారు ఎన్ని ఘాటుల్లో ఎన్నిసార్లు వేశారో ఏమో. చిల్లులతో పాటు దారులు కూడా మూసుకుపోయి, అందువల్ల ఇంజను కాగి, కాగిందని హీటరు తిప్పి, తిప్పినందువల్ల నీళ్లు కారి, కారాయని మళ్లీ పసుపు వేసి, అలా ఆ బండి మా అందరి మంచితనానికీ చిక్కుకుని ఉక్కిరిబిక్కిరైంది. పచ్చటి నీళ్లు కాలువలోకి పోతుంటే అత్తగారు గేటు దాకా వచ్చి నిలబడి, అవి తెల్లగా వచ్చే దాకా చూసి లోపలికి వెళ్లారు.

ఆ రోజుల్లో నేను గమనించిన సంగతి ఇంకొకటుంది. వేళ్లకంటిన పసుపును ఆ సాయంత్రం గోళ్ల సందుల్లోంచి కూడా కడిగేసుకున్న ఆవిడ, కాళ్లను మాత్రం రుద్దలేదు. స్నానం చేసినా సబ్బు కిందికి పోనిచ్చేవారు కాదనుకుంటాను. అది తనంతట తానే మెల్లగా వెలిసిపోయింది, మడమల దగ్గర అన్నిటికంటే ఆఖరున.

బాగుచేయించిన కారులో ఆవిణ్ణి కూరగాయలకని తీసుకెళ్లాను. ఇప్పుడు పిలిస్తే వస్తున్నారు, ముందు గదిలో కూర్చుంటున్నారు, ఆ సంతోషంలో నేనున్నాను. ఎప్పటిలాగే చెప్పులు విడిచి ఎక్కి, కొత్త చాప మీద పాదాలు ఆనించి, అటూ ఇటూ జరిపి చూసుకున్నారు.

"ఇంగ కారదా పాపా?"

ఇంక చచ్చినా కారదని గొప్పగా చెప్పాను. మంచిదేలే అని కిటికీ వైపు తిరిగారు.

అత్తగారు పోయి చాలాకాలమైంది. ఆ కారు కూడా చేతులు మారి ఎక్కడో తుక్కయిపోయి ఉంటుంది. ఇప్పటి కార్లలో మనం వేలు పెట్టి చూడవలసినవి ఏవీ లేవు. మా మేనకోడలు ఈ బండి కొన్న రోజున ముందు మూత ఎత్తి చూపిస్తే లోపల సంచులు పెట్టుకునే ఖాళీ ఉంది, నాకు ఎవరింట్లోనో వంటిల్లు లేనట్టు అనిపించింది. మారినవి బండ్లే అయితే ఇదంతా రాసేదాన్ని కాదు. పోయినేడు మా ఆడపడుచు భర్త పోయాడు. పదో రోజున ఆ కార్యక్రమం జరగనివ్వనని అది ముందే చెప్పింది, జరగలేదు. తర్వాత వచ్చిన శుక్రవారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అది తలంటుకుని వచ్చి, గిన్నెలో పసుపు కలుపుకుని, కుర్చీలో కూర్చుని, టీవీలో ఏదో చూస్తూ కాళ్లకు రాసుకుంది. పనిమనిషి చూసింది, పక్కింటావిడ వచ్చి కాఫీ తాగి వెళ్లింది, ఎవరూ ఏమీ అడగలేదు, నేను ఎవరికీ రేడియేటరు గురించి చెప్పవలసిన పని పడలేదు. కాలం ఇంతగా మారినందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. అయినా ఆ పూటంతా నా కళ్ల ముందు అత్తగారే ఉన్నారు. ఎండలో, మూసిన అద్దాల వెనక, పాదాలు సీటు కిందికి ముడుచుకుని, వాటి మీద చెంగు కప్పుకుని.